చేతికి వచ్చిన విద్యకు ఒక కాగితం ఇవ్వండి

రాష్ట్ర భాషా సాంస్కృతిక శాఖ అధికారులకు, ప్రభుత్వ సంగీత కళాశాలల అధ్యాపకులకు, నల్లగొండ, పాలమూరు ప్రాంతాల్లో సంగీతం తెలిసిన పెద్దలందరికీ,

నమస్కారం.

నేను నల్లగొండలో హార్మోనియాలు బాగుచేసే మనిషిని. ఈ పని మా నాయన దగ్గర నేర్చుకున్నాను. ఆయన దేవరకొండ వైపు ఊళ్లలో భజన మండళ్లకు హార్మోనియం పెట్టె వాయించేవాడు. పెట్టె చెడిపోతే హైదరాబాద్ మోసుకుపోవాల్సి వచ్చేది. అంత ఖర్చు పెట్టుకోలేక తానే విప్పి చూసి, రెండు మూడు పెట్టెలు పాడుచేసుకుని, చివరికి పని నేర్చాడు. నేను ముప్పై ఏళ్లుగా అదే పనిలో ఉన్నాను. హార్మోనియంతో పాటు ఢోలక్, తబలా, డప్పు, ఈ మధ్య కీబోర్డులు కూడా నా కొట్టుకు వస్తున్నాయి. మీకు ఒక విన్నపం చేసుకోవాలని, మీ సలహా కూడా అడగాలని ఈ లేఖ రాస్తున్నాను.

పోయిన నెలలో ఒక సాయంత్రం, కొట్టు మూసే వేళకు, మునుగోడు వైపు ఊరి నుంచి ఒక పిల్లవాడు వచ్చాడు. ఇంటర్ రెండో సంవత్సరం. భుజానికి డప్పు. చట్రం ఒకచోట జోడు వదిలింది, అతికించమన్నాడు. నేను పాత జిగురు గీకి కొత్త జిగురు పెట్టి బిగిస్తుంటే పక్కన కూర్చుని శ్రద్ధగా చూశాడు. చూసి చూసి అడిగాడు.

"కాకా, ఈ పని నీ దగ్గర నేర్చుకుంటే నాకు సర్టిఫికెట్ వస్తదా?"

"రాదు బిడ్డా" అన్నాను.

"మరి డప్పు మా తాత దగ్గర నేర్చుకున్న. దానికి?"

దానికీ రాదు. వాడు ఇంకేం అడగలేదు. జిగురు ఎండాలి, రేపు వచ్చి తీసుకుపొమ్మని పంపించాను. మర్నాడు రాలేదు. నాలుగు రోజుల తర్వాత ఫోన్ చేశాడు. హైదరాబాద్‌లో కేటరింగ్ పనికి కుదిరాడట. "దసరాకు వచ్చి తీస్కపోత కాకా" అన్నాడు. ఆ డప్పు ఇప్పటికీ నా కొట్టులో మేకుకు వేలాడుతోంది. రోజూ దాన్ని చూస్తుంటే వాడికి నేను చెప్పిన 'రాదు' అనే మాట గుర్తొస్తోంది.

వాళ్ల తాత నాకు పాతికేళ్లుగా ఎరుక. ఆయన డప్పు చేస్తుంటే దగ్గర కూర్చుని చూశాను. చెక్క ముక్కలను వంపు కుదిరేలా చెక్కి, గుండ్రంగా జోడించి చట్రం కడతాడు. మేకతోలు సున్నంలో నానబెట్టి వెంట్రుక తీసి, కండ గీకి, పలుచగా అయ్యేదాకా సాపు చేస్తాడు. చింతగింజలు నానేసి, పొట్టు తీసి, నూరి, ఉడికించిన జిగురుతో ఆ తోలును చట్రానికి అతికిస్తాడు. లాగి కట్టి ఎండకు పెట్టాక ఇక ఆయన దాన్ని విడిచి పోడు. ఎండ ఎక్కువైతే నీడకు జరుపుతాడు, మబ్బు పడితే మళ్లీ బయటికి తెస్తాడు. వేలి గోటితో అక్కడక్కడ మీటి వింటాడు. తోలు అంతటా ఒకే తీరుగా పలికేదాకా ఆ మీటడం ఆపడు. వాయించే ముందు గడ్డి మంట మీద కాచేటప్పుడు కూడా అంతే జాగ్రత్త. డప్పు కొట్టే కుడిచేతి చిర్ర, ఎడమచేతి సిటికెన పుల్ల, రెండూ ఆయనే చెక్కుకుంటాడు. చిర్ర బరువు ఒక తులం ఎక్కువైనా దరువు మొద్దుబారుతుందని ఆయన నమ్మకం. ఇంత తెలిసిన మనిషి సంతకం చేసి ఇచ్చే కాగితానికి ఏ ఆఫీసులోనూ విలువ లేదు.

నా పని గురించి కూడా రెండు మాటలు చెబుతాను, ఎందుకంటే రిపేరు అంటే స్క్రూ బిగించడమే అని చాలామంది అనుకుంటారు. మూడున్నర సప్తకాల పెట్టెలో వేళ్లతో నొక్కే మెట్లు 42 ఉంటాయి. డబుల్ రీడ్ అయితే, అంటే మెట్టుకు రెండేసి చొప్పున, లోపల గాలికి పలికే ఇత్తడి రీడ్లు 84. వానాకాలం పోయాక వచ్చే పెట్టెల్లో చాలావాటికి తిత్తి దగ్గర గాలి పోతుంటుంది, కొన్నిటికి ఎలుకలు గుడ్డ కొరికి ఉంటాయి. అవి సులువు. అసలు పని రీడు శ్రుతి తప్పినప్పుడే. రీడు నాలుక కింద సన్నని రేకు జొనిపి, కొస దగ్గర బ్లేడుతో ఒక్క గీత గీస్తే స్వరం పైకి పోతుంది. మొదలు దగ్గర గీస్తే కిందికి దిగుతుంది. గీత ఎక్కువైతే మళ్లీ రెండో వైపు గీకాలి. అలా అటూ ఇటూ గీకితే రీడు పలుచనై విరుగుతుంది. అందుకే గీసిన ప్రతిసారీ రీడును దాని చోట పెట్టి, గాలి ఊది, జత రీడుతో కలిపి వినాలి. రెండు స్వరాలు దాదాపు కలిసినప్పుడు చెరువులో అలలాగా ఒక ఊపు వినిపిస్తుంది. ఆ ఊపు నెమ్మదిస్తూ నెమ్మదిస్తూ ఆగిపోయిన చోట చెయ్యి ఆపాలి. ఇప్పుడు ఫోన్‌లో ట్యూనర్ యాప్ వచ్చింది, నేనూ వాడతాను. కానీ ఆ ఊపు ఆగడం చెవికి తెలియాలి. మా నాయన నాకు అది నేర్పడానికి రెండేళ్లు పట్టింది. సూర్యాపేట, మిర్యాలగూడ నుంచే కాదు, అచ్చంపేట, కొల్లాపూర్ నుంచి కూడా నా దగ్గరికి పెట్టెలు వస్తున్నాయి. ఇది గొప్పకు చెప్పడం లేదు. అంత దూరం నుంచి రావాల్సి వస్తోందంటే అక్కడ చేసేవాళ్లు లేరని నాకు దిగులు.

ఇప్పుడు చదువు సంగతి. హైదరాబాద్ రాంకోఠిలో త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. సికింద్రాబాద్‌లో భక్త రామదాసు కళాశాల ఉంది. నాలుగేళ్ల సర్టిఫికెట్, ఆ పైన రెండేళ్ల డిప్లొమా. అక్కడ చదివి పైకి వచ్చిన విద్వాంసులంటే నాకు ఎంతో గౌరవం. గాత్రం, వీణ, వయొలిన్, మృదంగం లాంటివి పద్ధతిగా నేర్చుకోవాలనుకునే పిల్లలకు నేను కూడా అక్కడికే పొమ్మని చెబుతాను. కానీ నల్లగొండ నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్లు. పాలమూరు నుంచీ సుమారు అంతే. ఇక అచ్చంపేట, గద్వాల, నారాయణపేట పిల్లల సంగతి చెప్పక్కర్లేదు. పొద్దున బడికో కాలేజీకో పోయి, సాయంత్రం క్లాసుకు హైదరాబాద్ పోయి, రాత్రికి ఇల్లు చేరడం ఎవరివల్ల అవుతుంది? అక్కడే ఉండి నేర్చుకోవాలంటే హాస్టల్ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?

నాకు తెలిసిన ఒక అమ్మాయి ఉంది. తండ్రి ఆటో నడుపుతాడు. చర్చిలో కీబోర్డు వాయించేవాళ్లను చూసి చూసి తానే నేర్చుకుంది. ఒకసారి ఆ కీబోర్డు నా దగ్గరికి రిపేరుకు తెచ్చారు. నేను ఒక మెట్టు నొక్కితే అటువైపు తిరిగి ఉండి ఏ మెట్టో చెప్పింది. పది మెట్లు నొక్కాను, పదికి పదీ చెప్పింది. అలాంటి చెవి నాకు లేదు. ఆ అమ్మాయిని తండ్రి హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు సంస్థలో చేర్పించాడు. ఏడాది డిప్లొమా అన్నారు, గవర్నమెంటు ఉద్యోగానికి పనికొస్తుందన్నారు, ఫీజు మొత్తం ముందే కట్టించుకున్నారు. వారానికి రెండు క్లాసులు, అవీ సగం ఆన్‌లైన్‌లో. ఏడాది చివర రంగురంగుల సర్టిఫికెట్ ఇచ్చారు. 2023లో గురుకులాల నోటిఫికేషన్ వచ్చింది, అందులో మ్యూజిక్ టీచర్ పోస్టులు కూడా ఉన్నాయి. ఎంతో ఆశగా చూసుకుంటే ఆ కాగితం పనికిరాదని తేలింది. ఆ తండ్రి నా దగ్గరికి వచ్చి, "నువ్వైనా ముందే చెప్పొద్దా అన్నా" అన్నాడు. నాకూ తెలియదు. మా దగ్గర ఎవరికీ తెలియదు. ఏ కోర్సుకు గుర్తింపు ఉంది, ఏదానికి లేదు, ఏ సర్టిఫికెట్ ఏ ఉద్యోగానికి పనికొస్తుంది, ఇంత చిన్న సంగతి తెలుగులో ఒక్క పేజీ రాసి ప్రతి హైస్కూలు నోటీసు బోర్డుకు అంటిస్తే ఆ కుటుంబం అప్పుల పాలయ్యేది కాదు. అధికారులారా, మిగతా పనులకు నిధులు కావాలి, సమయం కావాలి. ఈ ఒక్క పనికి రెండూ అక్కర్లేదు. ముందు ఇది చేయండి.

ఆ పేజీలో ఇంకొన్ని సంగతులు కూడా రాయండి. ఢిల్లీలోని సీసీఆర్‌టీ అనే కేంద్ర సంస్థ 10 నుంచి 14 ఏళ్ల పిల్లలకు సంగీతం, నృత్యం లాంటి కళల్లో స్కాలర్‌షిప్ ఇస్తుంది. మా మండలాల్లో ఈ పేరు విన్న తల్లిదండ్రులను నేను ఇంతవరకు చూడలేదు. పిల్లల వయసు దాటిపోయాక తెలిస్తే ఏం లాభం? ఆకాశవాణి ఆడిషన్ పెట్టి బి, బి-హై, ఏ, టాప్ అని గ్రేడ్లు ఇస్తుంది. జానపదానికీ ఆడిషన్ ఉంటుంది. అక్కడ మనం ఎక్కడ చదివామన్నది కాదు, మైకు ముందు ఏం వాయించామన్నది లెక్క.

ఆకాశవాణి మాట వచ్చింది కాబట్టి ఒకటి గుర్తుచేస్తాను. ఇదే ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని రేడియో నుంచి వెలివేసింది. మన గమకాలు ఇందులో పలకవు, ఇది విదేశీ పెట్టె అని పెద్దపెద్దవాళ్లు వాదించారు. ఆ నిషేధం 1971 దాకా నడిచింది. ఆ ముప్పై ఏళ్లూ మా ఊళ్లలో హార్మోనియం ఆగలేదు. చిరుతల రామాయణం ఆడినా, యక్షగానం కట్టినా, శనివారం భజన పెట్టినా అదే పెట్టె. మా నాయన రేడియో వింటూ, "మన పెట్టె ఎందుకు రాదురా ఇందులో" అని అడిగేవాడు. పైవాళ్లు గుర్తించనంత మాత్రాన వాద్యం చావదు, నిజమే. కానీ దాన్ని పట్టుకున్న మనిషి ఎంత చిన్నబుచ్చుకున్నాడో నేను కళ్లారా చూశాను. అదే చిన్నబోవడం ఇప్పుడు ఆ డప్పు పిల్లవాడి ముఖంలో చూశాను.

మన ప్రాంతానికి పద్మశ్రీలు వచ్చాయి. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట నుంచి దర్శనం మొగులయ్య గారికి పన్నెండు మెట్ల కిన్నెరకు 2022లో వచ్చింది. నారాయణపేట జిల్లా దామరగిద్ద నుంచి దాసరి కొండప్ప గారికి బుర్ర వీణకు 2024లో వచ్చింది. పాలమూరు అంటే వలస, మట్టి పని అని దేశమంతా చెప్పుకునే రోజుల్లో పాలమూరు అంటే కిన్నెర అని చెప్పుకునేలా చేశారు. మా గుండె నిండింది. అయితే నాలాంటి పనివాడికి ఆ ఫొటోలు చూసినప్పుడు చేతుల్లో ఉన్న వాద్యం మీదికే చూపు పోతుంది. ఎండిన సొరకాయ బుర్రలు, వెదురు, లోహపు తీగలు, తేనెమైనంతో నిలబెట్టిన మెట్లు. ఏ బుర్ర ఎన్నాళ్లు ఎండాలి, ఏ వెదురు కణుపు ఎక్కడ కోయాలి, ఎండాకాలం మైనం కరిగితే మెట్టు ఎలా నిలబెట్టాలి, ఇవన్నీ ఎక్కడా రాసి లేవు. డక్కలి కుటుంబాల చేతుల్లో ఉన్నాయి. వాయించేవాడికి శాలువా కప్పినప్పుడు, చేసే విద్య కూడా అదే చేతుల్లో ఉందని, అది కూడా ఎవరికైనా అప్పగించాలని మనం ఆలోచించామా? రేపు ఒక పిల్లవాడు కిన్నెర నేర్చుకుంటానని వస్తే వాడికి కిన్నెర ఎవరు చేసి ఇస్తారు?

ఈ చేసే పని ఎక్కడ లెక్కలోకి వస్తుందా అని నేను వెతికాను. కేంద్రం 2023 సెప్టెంబరులో పీఎం విశ్వకర్మ పథకం తెచ్చింది. శిక్షణ, శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000, ఆ పైన తక్కువ వడ్డీకి అప్పు. మంచి పథకం. అందులో 18 వృత్తులు ఉన్నాయి. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, బుట్టలు అల్లేవాళ్లు, బొమ్మలు చేసేవాళ్లు, పూలదండలు కట్టేవాళ్లు కూడా ఉన్నారు. వాద్యాలు చేసేవాళ్లు లేరు. మీసేవలో కూర్చుని అప్లికేషన్ నింపుతుంటే ఆపరేటర్, "వడ్రంగి అని పెట్టమంటావా" అని అడిగాడు. నేను వడ్రంగిని కాదు. వడ్రంగి పని ఎంత గొప్పదో నాకు తెలుసు, నాకు అది రాదు కూడా. నేను వద్దన్నాను. రాష్ట్రం తరఫున కేంద్రానికి ఒక ఉత్తరం రాసి, ఆ జాబితాలో వాద్యాల తయారీ, రిపేరు చేర్చమని అడగండి. బొబ్బిలి వీణకు జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి పని అని ప్రభుత్వం వేసే ముద్ర, ఉంది. తమిళనాడులో నరసింగంపేట నాదస్వరానికి 2022లో వచ్చింది. మహారాష్ట్రలో మిరజ్ సితార్‌కు, తంబూరాకు 2024లో వచ్చింది. అక్కడివాళ్లు తమ చేతిపనిని ఊరి పేరుతో కలిపి నిలబెట్టుకున్నారు. పన్నెండు మెట్ల కిన్నెరకు మనం ఎందుకు అడగకూడదు?

డప్పు గురించి మాట్లాడితే కులం గురించి మాట్లాడక తప్పదు. డప్పు అంటే చావు దగ్గర కొట్టేదని, ఫలానావాళ్లు కొట్టేదని ఊళ్లో ఇంకా ఉంది. అందుకే ఆ కుటుంబాల్లో చదువుకున్న పిల్లలు డప్పు ముట్టుకోవడానికి జంకుతున్నారు. వాళ్లను తప్పుపట్టే హక్కు నాకు లేదు. ఊరు కొట్టమంటే కొట్టాలి, ఇచ్చిందే పుచ్చుకోవాలి అన్న రోజుల నుంచి వచ్చినవాళ్లు వాళ్లు. పాలమూరు ప్రాంతంలోని కురుమూర్తి జాతరలో ఉద్దాల, అంటే స్వామివారి తోలు పాదుకల, ఊరేగింపు చూసినవాళ్లకు నేను చెప్పేది అర్థమవుతుంది. ఆ ఉద్దాలను నియమంగా ఉండి తోలుతో కుట్టేది ఆ కుటుంబాలే. ఊరూ వాడా అవి నెత్తిన పెట్టించుకోవడానికి ఎగబడుతుంది. అదే చేతులు అదే తోలుతో చేసిన డప్పును చదువుల తల్లి గుడిలోకి రానివ్వడానికి మనకు ఇంకేం అడ్డం? డప్పు సిలబస్ అయితే, దానికి పరీక్ష ఉంటే, ఏ కులం పిల్లలైనా ఫీజు కట్టి వచ్చి నేర్చుకుంటే, ఆ తాత మాస్టారు అవుతాడు. ఆయన మనవడు డప్పు పట్టుకుని బస్సు ఎక్కితే ఎవరూ వింతగా చూడరు.

జాతరల మాట కూడా చెప్పాలి. పెద్దగట్టు మీద లింగమంతుల జాతరకు నేను చిన్నప్పటి నుంచి పోతున్నాను. భేరీలు మోగుతుంటే దురాజ్‌పల్లి గుట్ట ఎక్కకముందే కాళ్లు లయ అందుకుంటాయి. ఈ మధ్య ఎక్కడ చూసినా డీజే బండ్లు. పెళ్లి ఊరేగింపుకు డీజే, వినాయకుడికి డీజే, బతుకమ్మకు కూడా డీజే. ఆడపడుచులు చప్పట్లు కొట్టి పాడే చోట బాక్సులు పెట్టి పాట మింగేస్తున్నారు. 2024లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలు నిషేధించారు. రాత్రి పది దాటితే మైకులు వద్దని దేశమంతటికీ నిబంధన ఎప్పటినుంచో ఉంది. నేను నిషేధాలు అడగడం లేదు. డీజే బండి నడిపే పిల్లవాడూ మన పిల్లవాడే, వాడికీ ఇల్లు గడవాలి. నేను అడిగేది ఇంతే. దేవాదాయ శాఖ కింద ఉన్న గుళ్లలో, ప్రభుత్వం డబ్బిచ్చే ప్రతి ఉత్సవంలో, సన్నాయి మేళానికి, డప్పు దళానికి, ఒగ్గు డోలుకు ముందుగా కూలీ నిర్ణయించి బ్యాంకులో వేయండి. ఒక రోజుకు ఇంత అని అందరికీ తెలిసేలా. పని గ్యారంటీగా ఉందని తెలిస్తే నేర్చుకునే పిల్లలు వాళ్లే వస్తారు. తెలంగాణ సాంస్కృతిక సారథిలో సుమారు 550 మంది కళాకారులకు ఉద్యోగాలు ఇచ్చినప్పుడు మా ఊళ్లలో ఎంత ఊపు వచ్చిందో చూశాను. పాట కూడు పెడుతుందని అప్పుడు చాలామంది తల్లిదండ్రులు నమ్మారు. కోటి విద్యలు కూటి కొరకే అని ఊరికే అనలేదు పెద్దలు.

నా అసలు విన్నపం ఇది. పని ముందే వచ్చినవాళ్లను పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి కేంద్ర నైపుణ్య శిక్షణ పథకాల్లో ఇప్పటికే ఉంది, ఆర్‌పీఎల్ అంటారు. తాపీ మేస్త్రీకి, ఎలక్ట్రీషియన్‌కు అది వర్తించినప్పుడు డప్పు కళాకారుడికి, కిన్నెర చేసేవాడికి, హార్మోనియం శ్రుతి చేసేవాడికి ఎందుకు వర్తించదు? మీ కళాశాలల అధ్యాపకులు ఇద్దరు ముగ్గురు కలిసి ఏడాదికి ఒకసారి నల్లగొండకు, పాలమూరుకు రండి. రెండు రోజులు ఉండండి. వాయించమనండి, చేసి చూపించమనండి. నచ్చితే కాగితం ఇవ్వండి, నచ్చకపోతే ఏం లోటు ఉందో చెప్పండి. పదో తరగతి పాసయ్యాడా లేదా అని ఆ తాతను అడగకండి. ఆయనను అడగాల్సిన ప్రశ్నలు వేరే చాలా ఉన్నాయి.

ఆ తర్వాత ఆ సర్టిఫికెట్ ఉన్నవాళ్లను గెస్ట్ మాస్టార్లుగా తీసుకోండి. గద్వాల ప్రాంతం బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు ఇప్పుడు తెలుగు విశ్వవిద్యాలయానికి పెట్టుకున్నాం. ఆ విశ్వవిద్యాలయానికి వరంగల్‌లో జానపద పీఠం ఉంది. ఆయన పుట్టిన గడ్డ మీద కూడా ఒక చిన్న కేంద్రం పెట్టి, కిన్నెర, బుర్ర వీణ, డప్పు, ఒగ్గు డోలు నేర్పితే ఆ పేరుకు తగ్గ పని అవుతుంది. కొత్త భవనం అక్కర్లేదు. సాయంత్రం ఖాళీగా ఉండే ఏ ప్రభుత్వ బడి గది అయినా చాలు. ఇక తయారీ, రిపేరు సంగతికొస్తే, ఐటీఐలను ఏటీసీలుగా, అంటే కొత్త సాంకేతిక శిక్షణ కేంద్రాలుగా, మారుస్తూ కొత్త యంత్రాలు పెడుతున్నారు. వాటిలో చెక్క కోసే యంత్రం మీద హార్మోనియం మెట్లు ఎంత బాగా వస్తాయో నేను చేసి చూపిస్తాను. ఆరు నెలల కోర్సు చాలు. వాద్యాల రిపేరు, దానితో పాటు మైకు, మిక్సర్, రికార్డింగ్ పని. ఈ రెండూ కలిసి వచ్చిన పిల్లవాడు జిల్లాలో ఎక్కడైనా బతుకుతాడు. బడులకు కొన్న హార్మోనియాలు, డ్రమ్ములు స్టోర్ రూముల్లో మూలపడి ఉంటున్నాయి. ఒకచోట పిలిస్తే పోయాను. తిత్తిలో ఎలుక గూడు పెట్టింది. రిపేరుకు మూడు వందలు అయ్యేదానికి కొత్తది కొనాలని ఫైలు పెట్టారు. బాగుచేసేవాడు పక్కనే ఉంటే ఆ డబ్బు మిగిలేది, ఆ పిల్లలు అన్నాళ్లూ పాడుకునేవాళ్లు.

ఫోక్ పాటలు రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టే కుర్రాళ్లకు కూడా ఎవరైనా ఒక పూట క్లాసు చెప్పండి. పాట కొనేవాళ్లు పాటకు ఐదు వేలు చేతిలో పెట్టి ఒక పేపరు మీద సంతకం చేయించుకుంటున్నారు. 2012లో కాపీరైట్ చట్టం సవరించారు, పాట రాసినవాళ్లకు, బాణీ కట్టినవాళ్లకు రాయల్టీలో వాటా ఉంటుందని ఈ కుర్రాళ్లకు తెలియదు. కోరస్ పాడిన అమ్మాయికి చార్జీలకు కూడా ఇవ్వని రోజులు ఉన్నాయి.

ఇప్పుడు సలహా. ఇది అధికారులను కాదు, సంగీతం తెలిసిన పెద్దలను అడుగుతున్నాను. నా దగ్గరికి పిల్లలు వచ్చి అడిగే ప్రశ్నలకు నాకు సరైన జవాబు తెలియడం లేదు. పదేళ్ల పిల్లకు ముందు గాత్రం చెప్పించాలా, నేరుగా వాద్యం పట్టించవచ్చా? నేనైతే ముందు గొంతుతో స-ప-స నిలబెట్టమంటాను, శ్రుతి గొంతులో లేనిదే వేళ్లకు రాదని నా అనుభవం. కానీ డప్పు, డోలు నేర్చుకునేవాళ్లకు కూడా అది అవసరమా? స్వరాలు రాసుకోవడం రాని మా తాతల దరువులను ఏ పద్ధతిలో రాసుకుంటే మళ్లీ చదువుకునేలా ఉంటుంది? నేను నోట్‌బుక్‌లో 'త కిట' అంటూ రాసి చూశాను, నడక అందింది కానీ చిర్ర ఎక్కడ, పుల్ల ఎక్కడ అన్నది అందలేదు. చవక కీబోర్డు మీద మొదలుపెట్టిన పిల్లలు తర్వాత హార్మోనియం వైపు వస్తే వేళ్ల అలవాటు ఇబ్బంది పెడుతుందా? అప్పు చేసి పెద్ద కీబోర్డు కొనివ్వడం మంచిదా, ఆ డబ్బు గురువుకు కట్టడం మంచిదా? నేను గురువుకే కట్టమంటున్నాను. తప్పయితే చెప్పండి, రేపటి నుంచి మార్చుకుంటాను. ఇంకొకటి. ఫైబర్ డప్పు వచ్చింది, వానకు తడవదు, మంట మీద కాచే పని లేదు, ఎక్కడికైనా మోసుకుపోవచ్చు. పిల్లలు అదే కావాలంటున్నారు. తోలు డప్పు నాదం దానిలో రాదు. నేర్చుకోవడానికి ఫైబర్ పెట్టి, చివరి పరీక్ష తోలు డప్పు మీద పెడితే ఎలా ఉంటుంది? ఆ డప్పు పిల్లవాడి తాతను అడిగితే, "నేర్చుకునేటప్పుడే చెయ్యి తోలుకు అలవాటు కావాలె" అన్నాడు. మీలో లయ వాద్యాలు నేర్పేవాళ్లు ఏమంటారో వినాలని ఉంది.

దసరాకు ఇంకా కొన్ని వారాలు ఉంది. ఆ పిల్లవాడు డప్పు కోసం వస్తాడు. ఈసారి వాడు అడగకముందే నేను చెప్పాలనుకుంటున్నాను, ఫలానా నెలలో ఫలానా చోట పరీక్ష పెడుతున్నారు, మీ తాతను కూడా తీసుకురా అని. పెద్ద పథకాలు వచ్చేదాకా ఆగక్కర్లేదు. మీలో ఒక్కరు, ఒక కళాశాల నుంచి ఒక్క అధ్యాపకుడు, సరే వస్తాం అని తేదీ చెబితే చాలు. కూర్చోవడానికి చోటు, తాగడానికి మంచినీళ్లు, మధ్యాహ్నం జొన్న రొట్టె మా బాధ్యత. చుట్టుపక్కల ఊళ్లకు నేనే తిరిగి చెప్పి వస్తాను.

ఇట్లు,
హార్మోనియాలు బాగుచేసే ఒక పనివాడు,
నల్లగొండ